అరిసెల ప్రకరణానికి అక్కరకు రాని టీక

ఈ గ్రంథాన్ని చెప్పింది మా నాయనమ్మ, రాసింది మా చిన్నత్త. తాటాకులు, గంటాలు పోయి చాలాకాలమైంది కనక చాకలి పద్దు రాసుకునే నోటుపుస్తకంలో ఆఖరి పుటకెక్కింది. మొత్తం ఎనిమిది పంక్తులు. ఇంత చిన్న మూలానికి ఇంత టీక ఎందుకంటే, చదివినవాళ్ళందరికీ ఇది అర్థమైంది, చేసినవాళ్ళకి మాత్రం అరిసె రాలేదు. మన దేశంలో వ్యాఖ్యానాలు పుట్టింది ఇలాంటి గ్రంథాలకే. మల్లినాథ సూరికున్న నిగ్రహం నా దగ్గర ఆశించవద్దు. ఆయన కాళిదాసుకి రాశాడు. కాళిదాసు కొలతలు ఇవ్వలేదు.

భాష గురించి ఒక మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. ఆ జిల్లా అరిసెకి గ్రాంథికంలో టీక రాస్తే అరిసే ఒప్పుకోదు. అందుచేత వ్యావహారికమే. నడుమ నడుమ "శంక", "సమాధానం" అంటూ పంతులుతనం బయటపడితే మన్నించగలరు.

మూలం:

కుంచెడు బియ్యం నానెయ్యాల. పగలొకటి, రాత్రొకటి.
నీల్లు ఓడ్చి, తడారకముందే దంచీయాల. జల్లించి అదిమి ఉంచాల.
బెల్లం రెండు (ఇక్కడ నూనె మరక) వీశెలు.
ఉండపాకం ఒచ్చీసరికి దించీసి పిండి పొయ్యాల, ఆపకుండా తిప్పాల.
నూపప్పు తగినంత.
మూకుట్లో ఏసి, రంగొచ్చినాక తీసి, నొక్కాల.
ఈదిలోలకి ముందు పంచీయాల.
మిగిల్తే డబ్బా.

"కుంచెడు" – రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఇది పుస్తకాల లెక్క. నాయనమ్మ చెప్పిన కుంచం మాత్రం ఆమదాలవలస దగ్గర మా ఇంట్లో ఉన్న ఇత్తడి కుంచం. దాని అంచు ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఆ నొక్కు కూడా కొలతలో భాగమేనని గ్రహించాలి. తలకొట్టి కొలవాలా, రాశిగా కొలవాలా అన్నది మూలం చెప్పదు.

శంక: ఇంట్లో తినేవాళ్ళు ఏడుగురో ఎనిమిదిమందో ఉంటే కుంచెడు బియ్యం ఎందుకు? తవ్వెడు చాలదా? సమాధానం మూలంలోనే ఉంది, కాని చాలా కిందన ఉంది. అక్కడికి చేరినప్పుడు చెప్తాను.

"బియ్యం" – విశేషణం లేదు. గొడవలన్నీ విశేషణం లేనిచోటే పుడతాయి. పుష్యమాసానికి కొత్త ధాన్యం ఇంటికొస్తుంది కనక కొత్త బియ్యమే అని నాయనమ్మ సంప్రదాయం. కొత్త బియ్యం పిండి జిగురెక్కుతుంది, పాతవే మేలని చీపురుపల్లి వైపు మా అమ్మమ్మ సంప్రదాయం. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడి చీపురుపల్లి అటు వెళ్ళిపోయాక ఈ భేదం రెండు జిల్లాల భేదంగా కూడా చెలామణీ అయింది. అది పొరపాటు, తగాదా జిల్లా కంటే పాతది. లేఖరి అయిన మా చిన్నత్తని రాజాంలో ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో రాజాం కూడా విజయనగరం జిల్లాలో కలిసింది. అంటే మన మూలప్రతి అలమరలోంచి కదలకుండానే జిల్లా మారింది. పాఠం మాత్రం మారలేదు. రాగోలు పరిశోధన స్థానం వారి శ్రీకాకుళం సన్నాలు అన్నానికి ఉంచుకోమని, అరిసెకి లావు రకమే వెయ్యమని నాయనమ్మ నోటిమాట. ఇది మూలంలో లేదు, సంప్రదాయం వల్ల తెలిసింది.

"తడారకముందే" – ఈ ఒక్క మాట తెలియక ఎన్ని పండగలు రాళ్ళపాలయ్యాయో! నానిన గింజ మెత్తగా విరుగుతుంది, పిండిలో చెమ్మ నిలుస్తుంది. మరిగే పాకం ఆ చెమ్మ పిండిమీద పడితే పిండి సగం ఉడికి చలిమిడి అవుతుంది. అదే పొడిపిండి అయితే పాకంలో ఉన్న నీరంతా తాగేసి బిగుసుకుపోతుంది. "అదిమి ఉంచాల" అన్నది కూడా ఇందుకే. జల్లించిన పిండిని గిన్నెలో అరచేత్తో అదిమి తడిగుడ్డ కప్పితే గాలి చొరదు. ఈ సంగతి తెలిసిన మరవాళ్ళు పండగ ముందు తడిబియ్యానికి వేరే వేళ పెడతారు. అక్కడ గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు "మాది తడారిపోతంది బాబూ" అని తొందరపెట్టడం మీరూ వినే ఉంటారు. ఆ తొందరకి ఆధారం మన మూలంలో రెండో పంక్తి.

"బెల్లం రెండు... వీశెలు" – వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో సుమారు కిలో నాలుగువందల గ్రాములు. తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి దేశమంతా కిలోలకి మారింది. నాయనమ్మకి ఆ కబురు అందింది, నచ్చలేదు. ఇక మరక సంగతి. "రెండు" తర్వాత రూపాయి కాసంత నూనె మరక ఉంది. దానికింద ఏమీ లేదని మా అమ్మ పక్షం. "న్నర" ఉందని మా పెద్దత్త పక్షం. ఇరుపక్షాలూ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూపించాయి. లేఖరి ఇంకా జీవించే ఉన్నది కనక, వ్యాఖ్యాతల్లో ఎవరికీ దొరకని అదృష్టం కొద్దీ, ఆవిడనే అడిగాను. "సెప్పినపుడు రెండన్నాదిరా. ఏసినపుడు రెండున్నర ఏసినాది. ఏది రాయమంటావు?" అంది. రెండు పాఠాలూ కర్తృసమ్మతాలే అని తేలింది.

బెల్లం అనకాపల్లిది అని వేరే చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతంలో ఆ ఊరి పేరే చాలాకాలం బెల్లానికి పర్యాయపదం. పచ్చగా మెరిసే దిమ్మకంటే నల్లటి దిమ్మకే నాయనమ్మ ఓటు. కరిగాక ఇసక తేరడానికి ఒకసారి వడకట్టాలి. మూలం ఈ పని చెప్పలేదు. పంటికింద రాయి పడ్డవాడు అడక్కుండానే నేర్చుకుంటాడని కాబోలు.

"ఉండపాకం" – గ్రంథానికి ప్రాణం. మరుగుతున్న కొద్దీ నీరు ఆవిరై బెల్లం చిక్కబడుతుంది, వేడి పెరుగుతుంది. ముందు తీగ సాగుతుంది. ఆ తర్వాత, కాస్తంత పాకం చన్నీళ్ళ పళ్ళెంలో వేస్తే కరిగిపోకుండా వేళ్ళ మధ్య మెత్తటి ఉండ కడుతుంది. అదీ అదను. ఇంకా ఆగితే ఆ ఉండ పళ్ళేనికి తగిలి ఠంగుమంటుంది. అప్పుడది వేరుశనగ అచ్చులకి పనికొస్తుంది, అరిసెకి కాదు. లేతపాకమైతే అరిసె మూకుట్లో విచ్చిపోయి నూనె అడుక్కి దిగుతుంది. ముదిరితే తాతల పళ్ళకి పరీక్ష.

ఈ అదను తెలియడానికి ప్రమాణమేమిటి? నైయాయికులు నాలుగు ప్రమాణాలు చెప్పారు. ప్రత్యక్షం, అంటే చూసి తెలుసుకోవడం. పొయ్యి పొగలో కుదరదు. అనుమానం, అంటే బుడగలు పెద్దవయ్యాయి కనక పాకం వచ్చి ఉండాలనడం. తడికట్టెలు ఈ హేతువుని చెడగొడతాయి. ఉపమానం, పోయినేటి పాకంలా ఉందనడం. పోయినేటి పాకం ఎలా ఉందన్నదే పోయినేటి తగాదా. మిగిలింది శబ్దం. "ఒచ్చీసినాది, దించు" అని ఇంట్లో పెద్ద మనిషి అనాలి. అన్నాక పాకం నిజంగా వచ్చిందా లేదా అన్న విచారణకి చోటు లేదు. ఎదురింటి పిన్ని ఇంకాసేపు ఉండనిమ్మంటే నాయనమ్మ గరిట దింపి, ఆమె మొహంలోకి ఒకసారి చూసేది. శాస్త్రార్థం అంతటితో ముగిసేది.

న్యూజెర్సీలో ఉన్న మా పెదనాన్న కూతురు ఐదో ప్రమాణం కనిపెట్టింది. థర్మామీటరు. పాకశాస్త్రం పుస్తకాల్లో ఈ మెత్తటి ఉండ దశకి 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ అని ఉంది. అప్ప 114 దగ్గర దించింది, అరిసెలు బాగానే వచ్చాయి. అయినా గిన్నె పొయ్యిమీద ఉండగా చిన్నత్తకి వీడియో కాల్ చేసి, పళ్ళెంలో ఉండని ఫోనుకి దగ్గరగా పట్టి, "చిన్నత్తా, ఇది వచ్చినట్టేనా?" అని అడిగింది. అర్ధరాత్రి నిద్రలేచిన చిన్నత్త కళ్ళజోడు లేకుండానే "ఒచ్చీసినాది, దించు" అంది. శబ్దప్రమాణం బలీయమని దీనివల్ల సిద్ధం.

"దించీసి పిండి పొయ్యాల, ఆపకుండా తిప్పాల" – ఇక్కడ వ్యాకరణం పట్టించుకోక తప్పదు. నానెయ్యాల, దంచీయాల, జల్లించి, దించీసి, పొయ్యాల, తిప్పాల, తీసి, నొక్కాల, పంచీయాల. ఇన్ని క్రియలున్న గ్రంథంలో కర్త ఒక్కరూ కనబడరు. అధ్యాహారం చేసుకోవాలి. ఆ కర్త ఏకవచనమా, బహువచనమా? పండితులు ఈ పంక్తి దగ్గర ఆగాలి. పాకం గుండిగని రెండుచేతులా పట్టి దించాలంటే ఒకరు, లేదా ఇద్దరు. పిండి చేరెడు చేరెడు పొయ్యడానికి ఇంకొకరు. అదేవేళ తెడ్డు తిప్పడానికి భుజబలం ఉన్నవారు మరొకరు. పిండి ఎప్పుడు ఆపాలో చెప్పడానికి పైన ఒకరు. రెండుచేతులు, రెండుకాళ్ళు, తల కలిపి ఒకేసారి ఐదు తాళాలు నడిపిన ఆదిభట్ల నారాయణదాసుగారైతే ఒక్కరే నెగ్గుకొచ్చేవారేమో. కాని 1919లో విజయనగరం వారు ఆయన్ని సంగీత కళాశాలకి అధ్యక్షుణ్ణి చేశారు, అరిసెలకి దక్కలేదు. కనక బహువచనమే సిద్ధాంతం.

ఆ బహువచనం ఎలా ఉండేదో చెప్తాను. సాయంకాలం వంటలయ్యాక పెరట్లో మూడురాళ్ళ పొయ్యి వెలిగేది. పక్కింటి అప్ప తన రోకలి తనే తెచ్చుకునేది; మా రోకలి బరువు ఆమె చేతికి పడదు. ఇద్దరు రోలుకి అటూ ఇటూ నిలబడి ఒకరి పోటు తప్పించి ఒకరు వేస్తుంటే, మధ్యలో చెయ్యిపెట్టి పిండి ఎగదోసే ధైర్యం మా అమ్మకే ఉండేది. "ఓలప్పా, పాకం ఒచ్చీసినాది, బేగి రా!" అని గోడమీంచి కేకేస్తే, తన పొయ్యిమీద చారు అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళున్నారు. ఆ చారు పొంగి మంట ఆరిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఎవరూ నష్టం అడగలేదు; మర్నాడు వాళ్ళింట్లో పాకం, పరిగెత్తే వంతు మాది. మా న్యూజెర్సీ అప్ప తిప్పే పని మిక్సరుకి అప్పజెప్పింది. మిక్సరు కరణ కారకమే గాని కర్త కాదు. ఎంత తిప్పినా "మా ఇంటికెప్పుడొస్తావు" అని అడగదు.

"నూపప్పు తగినంత" – స్పష్టం.

పుట అంచున వేరే సిరాతో ఇంకో పంక్తి ఉంది: "సగం పిండిలో కొబ్బరిముక్కలు కలిపీసి ఉండలు చుడితే పోకుండలు." ఇది క్షేపకమని కొందరు. సిరా వేరైనా చేతిరాత చిన్నత్తదే కనక గ్రంథభాగంగానే తీసుకున్నాను. ఉద్దానంలో, కంచిలి వైపు ఉన్న చుట్టాలు పండగకి గోనెసంచిడు కాయలు పంపేవారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని వేళ్ళతో పెకలించింది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళ పైమాటే. ఆ కొన్నేళ్ళూ ఈ పంక్తి మా నోటుపుస్తకంలో ఉంది గాని మూకుట్లో లేదు. బజారులో కొబ్బరి దొరకదా అంటే దొరుకుతుంది. చుట్టాల తోట పడిపోయిన ఏడు కొన్న కాయతో పోకుండలు చెయ్యడానికి నాన్న ఒప్పుకోలేదు.

"మూకుట్లో ఏసి" – నూనె ఏదో చెప్పలేదు. నాయనమ్మ కాలానికి పప్పునూనె, తర్వాత వేరుశనగనూనె, ఆ తర్వాత రేషను పామాయిలు. "నొక్కాల" – రెండు చిల్లుల గరిటల మధ్య పెట్టి నూనె కారిపోయేదాకా. గ్రంథం మొత్తంలో మగపిల్లలకి ఇచ్చిన పని ఇదొక్కటే. విరిగిన అరిసె నొక్కినవాడిదే అనే న్యాయం ఉండడంవల్ల మా చేతుల్లో చాలా విరిగేవి.

"ఈదిలోలకి ముందు పంచీయాల" – గ్రంథతాత్పర్యం నిర్ణయించాలంటే మొదలూ చివరా కలిపి చూడమన్నారు మీమాంసకులు. ఉపక్రమంలో "కుంచెడు" ఉంది, ఉపసంహారంలో "పంచీయాల" ఉంది. పైన వాయిదా వేసిన శంకకి ఇదే సమాధానం. కుంచం ఇంటి కొలత కాదు, వీధి కొలత. ఏడుగురికి తవ్వెడు చాలు. కాని పాకానికి పరిగెత్తుకొచ్చిన అప్పకి, రోకలి వేసిన పిన్నికి, ఆ ఏడు ఇంట్లో మైల ఉండి మూకుడు పెట్టని వాళ్ళకి, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఉన్న ఇంటికి, అందరికీ వెళ్ళాలంటే కుంచెడే కావాలి. "ముందు" అన్నది క్రమవిధి. మనం నోట పెట్టకముందు అని అర్థం. గిన్నె ఖాళీగా తిరిగిరాదు. అరిసెలు వెళ్ళిన గిన్నెలో జంతికలో, సున్నుండలో, మిఠాయి ఉండలో వస్తాయి. అందుకే ఒక ఇల్లు ఒకటి రెండు రకాలే చేసినా, భోగినాటికి ప్రతి ఇంట్లో అన్నీ ఉండేవి. స్వగృహ దుకాణంలో అరకిలో అరిసెలు కొనేటప్పుడు "అరకిలో" అనే పాఠం కూడా తప్పు కాదు. అది ముగ్గురున్న ఇంటికి సరిగ్గా సరిపోతుంది, గిన్నె గడప దాటనక్కర్లేదు.

"మిగిల్తే డబ్బా" – "మిగిల్తే" అన్నది సందేహార్థకం. డబ్బా అంటే అటకమీది బిస్కట్ల రేకుడబ్బా. పాకం సరిగ్గా కుదిరితే అరిసె రెండు మూడు వారాలు చెడదు. అంతకాలం ఉన్నట్టు దాఖలా లేదు.

ఇది నాగావళి ఒడ్డున పుట్టి, రాజాంలో భద్రపరచబడి, నొక్కే గరిటలు తప్ప మరో గరిట పట్టని వ్యాఖ్యాత చేతిలో పడిన అరిసెల ప్రకరణానికి టీక, తాత్పర్య సహితం. జంతికల ప్రకరణం మూలప్రతి చీపురుపల్లి వర్గం అధీనంలో ఉంది. పాత బియ్యం గురించి పైన రాసింది సవరిస్తేగాని చూపించమని కబురు పంపారు.