నిప్పులేని పొగ

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు ఎంత నిబ్బరముతో చెప్పిరో, తర్కము చెప్పు గురువులు దూరపు కొండమీది పొగను చూపి అచ్చట నిప్పు గలదని శిష్యులచేత ఎన్ని తరములు వల్లె వేయించిరో అందరును ఎరిగినదే. ఆ సామెతను, ఆ శాస్త్రమును ఒక్క పెట్టున కొట్టివేసిన ఘనుడు చీనాదేశపు ఔషధవేత్త హాన్ లిక్. 2003 ప్రాంతమున అతడు రూపొందించిన ఎలక్ట్రానిక్ సిగరెట్టులో అగ్గిపుల్ల లేదు, నిప్పు లేదు, బూడిద లేదు; బ్యాటరీ వేడికి ఒక ద్రవము ఆవిరియై, పీల్చినవాని నోటినుండి మబ్బువలె వెడలును. నేటి కుర్రకారు దీనిని వేప్ అందురు. వేప యనగా పండ్లు తోముకొను పుల్లయని మాత్రమే తెలిసిన తాత, మనుమడు దినమునకు పదిసార్లు వేప్ నోట పెట్టుచున్నాడని విని, పోనీలే, చిగుళ్లు గట్టిపడునని సంతసించినచో ఆయనను తప్పుపట్టరాదు.

ఈ తర్కవిరుద్ధపదార్థము ఇందూరు (నిజామాబాదు) సీమకు వచ్చుటలో ఒక ఔచిత్యము లేకపోలేదు. ఇది పొగను నమ్ముకొని బ్రతికిన నేల. 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుగాంచిన బోధను నిజాం చక్కెర కర్మాగారపు పొగగొట్టము పొగ వదలినంతకాలము చుట్టుపట్ల చెరకు రైతుల ఇండ్లలో పొయ్యి వెలిగెను. 2015 డిసెంబరులో ఆ పొగ ఆగినది. ఇప్పుడు ఆ కర్మాగారమున్న శక్కర్‌నగరములో శక్కరయు లేదు, పొగయు లేదు. కడుపులలో నిప్పు మాత్రము మిగిలియున్నది. పెద్దలకు పొగలేని నిప్పును, పిల్లలకు నిప్పులేని పొగను పంచిపెట్టి కాలపురుషుడు లెక్క సరిచేసినాడన్నమాట. పోయిన తీపికి బదులుగా మామిడి, పుచ్చకాయ, పుదీనా రుచులు గూడ కొసరు వేసినాడు.

బీడీ పాపము నిజాయితీ గలది. కంపు కొట్టును, అంగీకి, మీసమునకు, పక్కబట్టకు అంటుకొని, త్రాగిన కుర్రవానిని తండ్రికి ఇట్టే పట్టియిచ్చును. దానిపై పుర్రెగుర్తు వేయవలెనన్న మాట పుట్టినప్పుడు, ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి సంసారములీదు ఈ జిల్లా ఆడవారిలో ఎంత అలజడి రేగినదో పెద్దలకు జ్ఞాపకముండును. అయినను చట్టము చట్టమే; పొగాకు పొట్లముల ముఖమున నూటికి 85 పాళ్లు హెచ్చరికయే యుండవలెనన్న నియమము 2016 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చినది.

వేప్‌కు ఆ బాధ లేదు. ఏలయనగా 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు చేతను, డిసెంబరులో పార్లమెంటు చట్టము చేతను దాని తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన సమస్తమును మన దేశమున నిషిద్ధములైనవి. తొలి తప్పునకు ఏడాది వరకు చెర, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. మరల చేసినచో మూడేండ్ల వరకు చెరయు, ఐదు లక్షల వరకు జరిమానాయును. నిషేధింపబడినది గనుక అది లేదు. లేనిదానికి హెచ్చరికబొమ్మ ఎవరు వేయుదురు? అందుచేత అమ్ముకొమ్మన్న బీడీకట్టపై పుండుపడిన గొంతుక, అమ్మరాదన్న డబ్బీపై నోరూరించు మామిడిపండు! వేదాంతులు లేనిదానికి ఉదాహరణముగా కుందేటికొమ్మును చెప్పుదురు. ఆ కొమ్ము పోలీసు అడిగినప్పుడు మాత్రమే లేదు. విద్యార్థి అడిగినప్పుడు ఏ రంగు కావలెనో చెప్పుమని దుకాణదారు ఎదురు ప్రశ్నించును.

సిగరెట్టు మానదలచినవారికి ఇది సాయపడునని కొందరు వాదింతురు. మా జూనియర్ కళాశాల కుర్రవాడు ఎంతటి ముందుచూపు గలవాడనగా, ఎన్నడును ముట్టని సిగరెట్టును మానుటకై దీనిని పట్టినాడు.

ప్రకృతి వట్టి అమాయకురాలు. తొలి దమ్ము లాగినవాని గొంతు మండించి, కన్నీరు తెప్పించి, వద్దు నాయనా అని చెప్పుటకు ఊపిరితిత్తుల వాకిట దగ్గును కావలి పెట్టినది. రసాయనజ్ఞులు నికోటిన్‌ను బెంజోయిక్ ఆమ్లముతో లవణముగా మార్చి, ఆ కావలివానిని జోకొట్టి నిద్రపుచ్చిరి. ఇప్పుడు గాఢమైన నికోటిన్ సైతము గొంతు గీరకయే లోనికి పోవుచున్నది. మనుష్యుని మెదడు ఇంచుమించు 25 ఏండ్లదాక కట్టుబడిలోనుండు ఇల్లు. నిగ్రహము, ఆలోచన అను గదులు అన్నిటికంటె చివర లేచును. కప్పు పడకమునుపే అద్దెకు దిగిన నికోటిన్ ఇల్లు ఖాళీచేయదు సరికదా, అద్దె గూడ ఇంటివానిచేతనే కట్టించుకొనును.

ఇది వట్టి నీటియావిరియేనని కుర్రవారి సిద్ధాంతము. అందుండునవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, వేడి మీరినచో పుట్టు ఫార్మాల్డిహైడ్, తీగచుట్టనుండి రాలు నికెల్, సీసపు రేణువులు. తినుబండారములలో వేయు పరిమళములే గదా యందురు. పాయసము తినదగినదని ముక్కుతో పీల్చుదుమా? వెన్నవాసననిచ్చు డైఅసిటైల్ తిన్నవారికి చెరుపు చేయలేదు. 2000 ప్రాంతమున అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున మొక్కజొన్న పేలాల కర్మాగారములో దాని ఆవిరి పీల్చిన కూలీలకు ఊపిరితిత్తుల సన్నని గొట్టములు మచ్చగట్టి పూడుకొనిపోయినవి. కొన్ని వేప్ రుచులలోను ఆ పదార్థము కనబడినది. అదే దేశమున 2020 ఫిబ్రవరి నాటికి వేప్ వలని ఊపిరితిత్తుల గాయము 2,807 మందికి కలుగగా, 68 మంది మరణించిరి. ఎక్కువగా గంజాయిసారపు డబ్బీలలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ముఖ్యకారణమని తేలినది. మింగిన మందైనది పీల్చిన మిత్తియైనది.

గత కార్తికమున బోధనులో ఒక ఇంటి అరుగుపై కూర్చుంటిని. ఆ ఇల్లాలు చాట ముందిడుకొని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారము బిగించుచు వేయి బీడీల లెక్కలో మునిగియున్నది. ఇంటర్మీడియట్ చదువు కుమారుడు ప్రక్కనుండి జారిపోవుచుండగా ఆమె తల యెత్తకయే అడిగెను.

“కొడుకా, నీ నోట్ల మామిడిపండు వాసనొస్తున్నది. ఈ దినాలల్ల మామిడిపండ్లేడియిరా?”

“చాక్లెట్ తిన్ననే అమ్మా.”

ఆమె చేయి చాచెను. పెన్‌డ్రైవని తండ్రిని నమ్మించిన వస్తువు జేబులోనుండి చాటలో పడెను. ఆమె దానిని అటునిటు త్రిప్పి, మూతివాసన చూచి, వెలుతురునకు పట్టి, ఏదో వెదకినది.

“మీ నాయిన తాగే బీడీకట్ట మీద బొమ్మ ఉంటది గద. దీని మీద లేదేందిరా?”

“ఇది అసుంటిది కాదే. ఇండ్ల నిప్పే ఉండది.”

“నిప్పు లేకుంటనే పొగొస్తదా?” అని ఆ తర్కము చదువని తల్లి ఒక్క క్షణము కొడుకు ముఖము చూచినది. “సరే, రేపు కార్ఖానకు పట్కపోత. దీనికి గూడ బొమ్మ ఏపిచ్చుకొస్త.”

దానిని బీడీకట్టల క్రింద దోపి, ఆమె మరియొక ఆకు అందుకొన్నది.