లప్పం వ్యాఖ్య

అవతారిక

మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి దానికి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. నా చేతికి వచ్చిన కావ్యం మా ఇంటికి రంగులేయడానికి మేస్త్రీ రాసిచ్చిన చీటీ. పగుళ్లు పూడ్చడమే వ్యాఖ్యాత పని గనక నా వ్యాఖ్యకు లప్పం అని పేరు పెడుతున్నాను. ఇది నాలుగు పాదాల ముక్తకం. కర్త మేస్త్రీ. పాత క్యాలెండరు కాగితం మీద పెన్సిలుతో రాసినది. ఇందులో నాయకుడెవరో, ప్రతినాయకుడెవరో మొదటి చదువులో తేలదు.

మూలం

హాలు, రెండు బెడ్రూములు, వంటిల్లు. పాత రంగు గీకి, లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, రెండు కోట్లు.
మెటీరియల్ మాదే. మంచి కంపెనీ రంగు.
మొత్తం సుమారు 85,000. బిల్లు అయితే వేరే.
ఎక్స్‌ట్రాలు పని మీద చూసుకుందాం.

ప్రతిపదార్థం

పాత రంగు గీకి = ఎమరీ కాగితంతో పైపైన రుద్ది; లప్పం పెట్టి = మన కంటికి ఆనే ఎత్తులో పగుళ్లు పూడ్చి; ప్రైమరు కొట్టి = తెల్లగా ఉన్నదేదో కొట్టి; మెటీరియల్ మాదే = షాపుకి మీరు రానక్కర్లేదు, రావద్దు కూడా; మొత్తం = ఇప్పటికి; చూసుకుందాం = చూసుకుంటాం (ఉత్తమపురుష బహువచనంలో మీరు చేరరు).

విశేషాలు

రెండు కోట్లు: శ్లేష. రెండు పూతలని ఒక అర్థం, రెండు వందల లక్షలని ఇంకో అర్థం. ప్రకరణాన్ని బట్టి ఇక్కడ మొదటిదే గ్రాహ్యం. రోడ్లూ కాలువలూ పట్టే పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర రెండర్థాలూ ఒకేసారి పొసగవచ్చు. వాళ్ల పరిభాషలో ‘లెస్’ అని ఒక మాట ఉంది. సర్కారు వేసిన అంచనా కంటే ఎంత శాతం తక్కువకు పని చేస్తారో చెప్పడం లెస్. తెలుగులో లెస్స అంటే బాగు అని అర్థం గనక, ఎంత లెస్ అయితే అంత లెస్స అని టెండరు తెరిచేవారి భ్రాంతి. పాతిక శాతం లెస్‌కి పని పట్టినవాడికి అంచనాయే తప్పని తెలిసుండాలి, లేదా పనే తప్పుగా చేయాలని తెలిసుండాలి. రెండూ కాకపోతే నాలుగో పాదంలోని ఎక్స్‌ట్రాల మీద ఆశ. మన మేస్త్రీ ఆ కోవలోవాడు కాడు, ఆ బడిలోనే చదివాడు.

సుమారు: అవ్యయం. వ్యయం కానిది అవ్యయమని వ్యుత్పత్తి. ఇక్కడ మాత్రం వ్యయమంతా దీని కడుపులోనే ఉంది. పారసీకంలో లెక్క అనే అర్థమున్న మాట నుంచి పుట్టి, తెలుగుకొచ్చేసరికి లెక్క తేలని దానికి పేరైంది. దీన్ని దోషమనలేం. గోడ గీకితే గాని లోపల చెమ్మ ఎంతుందో మేస్త్రీకైనా తెలియదు. కచ్చితంగా చెబితే అబద్ధం, సుమారు అంటే అనుమానం. రాబోయే చెమ్మకు కూడా కలిపి ముందే పెంచి చెబితే చెమ్మ లేని గోడ ఉన్నవాడికి అన్యాయం. ఈ మూడింట్లో అతను సుమారునే ఎంచుకున్నాడు. నేనైనా అదే ఎంచుకునేవాణ్ని.

మంచి కంపెనీ రంగు: విగ్రహం రెండు విధాలు. మంచి కంపెనీ యొక్క రంగు అని ఒకటి, కంపెనీ యొక్క మంచి రంగు అని మరొకటి. మొదటిది చెప్పి డబ్బు పుచ్చుకుని, రెండోది అడిగితే ‘అదే గదండీ’ అనడం సంప్రదాయం. ఒకే కంపెనీ డిస్టెంపరూ చేస్తుంది, దానికి ఎన్నో రెట్ల ధర పలికే ఎమల్షనూ చేస్తుంది. పైగా డబ్బాలో టోకెను ఉంటుంది. అది పెయింటరుకు కంపెనీ ఇచ్చే దక్షిణ. ఇప్పుడు కోడ్ స్కాన్ చేస్తే ఫోన్లో పాయింట్లు పడుతున్నాయి. ఏ డబ్బాలో టోకెను బరువో ఆ రంగే మీ హాలుకి నప్పుతుందని మేస్త్రీ చెబితే, అది సౌందర్యశాస్త్రమా, అర్థశాస్త్రమా? ఈ ప్రశ్న అడిగాను. ‘‘మాస్టారూ, షాపుకెళ్లి, ఆటోలో తెచ్చి, చాలకపోతే ఎండలో మళ్లీ పరిగెత్తేది నేను. దానికి మీరు రాసిందేమైనా ఉందా చీటీలో?’’ అన్నాడు. లేదు. కూలి పేరుతో ఇవ్వనిది టోకెను పేరుతో పోతోంది. టోకెను సంగతి ముందే చెప్పి ఉంటే దోషం పోయేది, కానీ అప్పుడు నేను దాన్ని కూడా తగ్గించమనేవాణ్ని.

బిల్లు అయితే వేరే: ఇక్కడ పూర్వపక్షం బలమైనది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటనివాడు జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోనక్కర్లేదు. మన మేస్త్రీ దాటడు. రంగు డబ్బా కొన్నప్పుడే 18 శాతం కట్టేశాడు. మరి లేని నంబరుతో బిల్లెలా ఇస్తాడు? ‘‘మనవాడిదొకటుంది, దాని మీద ఇప్పిస్తా’’ అన్నాడు. పని ఒకడిది, బిల్లు ఇంకొకడిది. ఆలంకారికులు దీన్ని అసంగతి అంటారు: కారణం ఒకచోట, కార్యం వేరొకచోట. నేను ‘‘బిల్లెందుకులే’’ అన్నాను. అది నీతి అనుకున్నాను. మా ఆవిడ పొదుపు అంది.

కొలతలు: మూలంలో లేవు. ముందు వచ్చిన మరో మేస్త్రీ చదరపు అడుగుకి ఇంత అని చెప్పి 78,000 తేల్చాడు. తలుపు ఉన్న చోట గోడ లేదు కదా, దానికెందుకు ఇవ్వాలని అడిగాను. ‘‘ఒక పక్క తీసేస్తాం, ఇంకో పక్క తియ్యం’’ అన్నాడు. మోసం అనుకుని వెతికాను. కొలతల ప్రమాణం ఐఎస్ 1200 అదే చెబుతోంది. అర చదరపు మీటరు లోపు కంతలకు ఏమీ తగ్గించరు. అక్కడి నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఒక పక్కే తగ్గిస్తారు, రెండో పక్కది ద్వారం అంచుల పనికి సరి. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపు రెండు చదరపు మీటర్లకు కాస్త లోపే. అంటే లేని గోడకు సగం రంగు శాస్త్రసమ్మతం. అభావం కూడా ఒక పదార్థమేనని తార్కికులు ఊరికే ఒప్పుకోలేదు. ఆ మేస్త్రీని అనుమానించినందుకు సిగ్గుపడి, అయినా పని ఇతనికే ఇచ్చాను.

ప్రసంగవశాత్తూ మా అపార్టుమెంటు బయటి గోడల సంగతి. ఫైల్లో మూడు కొటేషన్లు ఉండాలని కమిటీ నియమం. ఒకే మనిషి మూడు లెటర్‌హెడ్‌ల మీద మూడూ తెచ్చాడు. తాళపత్రాలు పరిష్కరించేవారికి తెలుసు, మూడు ప్రతుల్లో ఒకే లేఖకదోషం కనిపిస్తే మూడింటికీ మాతృక ఒకటే. మూడింటిలోనూ ‘వెదర్ ప్రూఫ్’కి ‘వేదార్ పూఫ్’ అని ఉంది. పోటీదారులు కూడబలుక్కుని ధరలు వేయడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం నిషిద్ధం. కానీ ఇక్కడ కూడబలుక్కోవడానికి రెండోవాడే లేడు. ‘‘మూడూ మీరే పట్రండి, వెతకలేం’’ అన్నది కమిటీ. కమిటీలో నేనూ ఉన్నాను.

పాఠాంతరం: 85,000 మీద అడ్డగీత ఉంది. పక్కన 72,000 అని పాఠాంతరం. లేఖక ప్రమాదమని కొందరు అనవచ్చు. అది చింత్యం. చీటీ అంతా పెన్సిలు రాత, ఈ ఒక్క అంకె నీలం సిరా. ఆ పెన్ను నాది. ‘‘ఇంకొకాయన 72కే చేస్తానన్నాడు మేస్త్రీ’’ అన్నాను. అలా అన్న ఇంకొకాయన లేడు. తార్కికులు చెప్పిన నాలుగు అభావాల్లో ఇది అత్యంతాభావం. మేస్త్రీ గోడల వంక కాసేపు చూసి, ‘‘సరే మాస్టారూ, మీ మాటే కానివ్వండి’’ అన్నాడు.

ప్రక్షిప్తం: చీటీ వెనక ఒక చిన్న లెక్క ఉంది. మూలానికి సంబంధం లేదనుకుని మొదట చదవలేదు. మెటీరియల్ 38,000. నలుగురు మనుషులు పది రోజులు, రోజుకి 900 చొప్పున 36,000. మిగులు 11,000. నేను కొట్టేసింది 13,000.

తాత్పర్యం

పని పది రోజులని చెప్పి ఎనిమిది రోజుల్లో ముగించాడు. హాలు అద్దంలా ఉంది. చూసినవాళ్లంతా ఎవరు చేశారని అడిగి నంబరు తీసుకున్నారు. పడకగదిలో బీరువా వెనక గోడకు ఒక కోటే పడిందో రెండో మూలంలో లేదు. ఒకసారి జరిపి చూడమని మా ఆవిడ రెండుసార్లు అంది. బీరువా బరువని చెప్పాను.