చల్లారినంక

రామన్నపేటలో స్టేషన్‌కు పోయే దారిలో నా రేకుల షెడ్డు. గ్యాస్ మంట మీద గాజు కడ్డీ కరిగించి, మట్టి పూత పట్టించిన ఇనుప పుల్లకు చుట్టి పూసలు చేస్తాను. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో పద్ధతి వేరు, అక్కడ కొలిమిలోంచి గాజును సన్నటి గొట్టంగా లాగి ముక్కలు కోస్తారు. నాది ఒక్కో పూసకు ఒక్కో చుట్టుడు.

ఒకనాడు ఒక అవ్వ వచ్చి కొంగుముడి విప్పింది. ఆకుపచ్చ గాజుల ముక్కలు.

"మా ముసలాయన దినాలల్ల పగలగొట్టినయి. ఎవ్వరు సూడకుంట ఏరి దాసుకున్న" అంది. సంచిలోంచి ఖాళీ క్వార్టర్ సీసా కూడా తీసింది. "రెండూ కలిపి పూసలు చెయ్యి బిడ్డా."

తాగి పోయిన మనిషి గుర్తు కాబోలు అనుకున్నాను.

"కలువయి అవ్వా."

ఈ మాట మొదలైతే నాకు నోరాగదు. మంటలో ఉన్నంతసేపు ఏ గాజైనా ఒకటే ముద్ద. చల్లారుతున్నప్పుడే గుణం బయటపడుతుంది. ఎంత కుంచించుకుపోవాలో ఒక్కో గాజుకు ఒక్కో లెక్క. ప్రయోగశాల సీసాల గాజుకు 33 అయితే, పూసలవాళ్ల మెత్తని ఇటలీ కడ్డీకి 104. మందు సీసా ఆ రెంటి నడుమ ఎక్కడో. చేతి గాజుల లెక్క ఎవరు రాసి పెట్టారు? ఒకటి ఎక్కువ ముడుచుకుని రెండోదాన్ని లాగుతుంది. పూటకు పగలొచ్చు, నెలకూ పగలొచ్చు.

అవ్వ అంతా విన్నది. "అయినా చెయ్యి. పైసలిస్త."

ఆకుపచ్చ మీద గోధుమరంగు చుక్కలతో అయిదు చేశాను. బట్టీలో 500 డిగ్రీల దగ్గర పట్టి, రాత్రంతా మెల్లగా చల్లార్చాను. ఆ వైద్యం ఒకే జాతి గాజుకు గానీ ఇట్లాంటి పేచీకి పనిచేయదని తెలిసి కూడా. తెల్లారి చూస్తే అయిదూ ముద్దొచ్చాయి.

మూడోనాడు అవ్వ వచ్చేసరికి నాలుగు చీలి ఉన్నాయి.

"పైసలు వద్దు అవ్వా" అన్నాను, తల ఎత్తలేక.

ఆమె చీలిన నాలుగూ ఏరి కొంగున కట్టుకుంది. మంచిదాన్ని నా బల్ల మీదే వదిలేసి డబ్బు లెక్కపెట్టింది.

"ముసలాయన గుర్తుకు పగిలినయి ఎందుకవ్వా?"

"ఆయన సచ్చేదాకా సుక్క ముట్టలే బిడ్డా. సీస నా కొడుకుది. మాఘంల లగ్గం. పొద్దుగాల్ల చిట్యాల పోయి, ఆ పిల్ల చేతుల పెట్టొస్త."