కలరా ఉండా, నీకో దండం

కలరా ఉండా, నిన్ను పొగడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. గోళీకాయంత ఉంటావు, చిల్లర డబ్బులకు పిడికెడు వస్తావు. ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల మధ్య నువ్వు కాపలా ఉంటే పురుగు దరిచేరదు. మా నాయనమ్మ పెళ్ళిచీర మా కాలం దాకా నిలిచిందంటే ఆ పుణ్యం నీదే. అంతటి దానివి పెట్టెలోనే ఉండిపోలేదు. ఎవరు మొదలుపెట్టారోగానీ, మోటారు సైకిలు ట్యాంకులోకి కూడా ఎక్కావు. "నాలుగు ఉండలెయ్యి బాబాయ్, లీటరుకు పది కిలోమీటర్లు పెరక్కపోతే నన్నడుగు!" ఈ మాట వినని బండివాడు మన ఊళ్ళలో అరుదు. ఇంత పేరు తెచ్చుకున్న నీ మేళ్ళు చెప్పుకోవద్దా? ఒక్కటీ కల్పించను. ఉన్నవే చెబుతాను.

మొదటిది నీ దానగుణం. నీలో శక్తి లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. బొగ్గు తారునుంచి తీసే నాఫ్తలీన్‌వి నువ్వు, మండుతావు. ఒక ఉండ బరువు నాలుగు గ్రాములనుకుంటే, నువ్విచ్చే శక్తి సుమారు 5 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానం. అంటే దగ్గుమందు తాగే చెంచాడు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి ఆ చెంచాడుతో 250 మీటర్లు పోతుంది. నాలుగు ఉండలేస్తే ఒక కిలోమీటరు. పది లీటర్ల ట్యాంకుతో 500 కిలోమీటర్లు తిరిగే మనిషిని నువ్వు 501 దాకా తీసుకెళ్ళగలవు. లీటరుకు పది చొప్పున పెంచాలంటే ఆ ట్యాంకులో నీలాంటివాళ్ళు 400 మంది దూకాలి, కిలోన్నర పైమాటే. ఇచ్చేది ఒక కిలోమీటరు, వచ్చేది వంద కిలోమీటర్ల పేరు. ఇంత తక్కువ పెట్టుబడితో ఇంత కీర్తి సంపాదించిన వస్తువు నాకింకోటి తెలియదు.

"శక్తి సంగతి కాదు, ఆక్టేన్ పెంచుతుంది" అంటారు నీ భక్తులు. ఆక్టేన్ అనేది పెట్రోలు బలం కాదు, ఓర్పు. సిలిండర్లో నొక్కుడు పడుతున్నప్పుడు ప్లగ్గు నిప్పు పెట్టేదాకా తనంతట తాను అంటుకోకుండా ఆగే గుణం. కంపెనీవాడు చెప్పిన పెట్రోలు పోసుకున్న బండికి ఆ ఓర్పు సరిపడా ఉంటుంది. అంతకుమించి పెంచినా మామూలు బండి అదనంగా ఒక్క అడుగు వెయ్యదు.

రెండోది నీ విశ్వాసం. పెట్రోలు ఎగిరిపోతుంది, నువ్వు మాత్రం మిగిలిపోతావు. ఇది నేను కళ్ళారా చూశాను. కార్బొరేటరు బండ్ల కాలంలో, ఎవరో చెబితే విని, నా బండి ట్యాంకులో మూడు ఉండలు వేశాను. సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజుల తర్వాత వచ్చి కిక్కు కొడితే స్టార్టు కాలేదు. నెట్టుకుంటూ వీధి చివరి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. భాయ్ కార్బొరేటరు విప్పి, కింది గిన్నె ఊడదీసి, వెలుతురుకు పట్టాడు. అడుగున తెల్లటి పెచ్చులు, అభ్రకంలా మెరుస్తూ. "ఇదేంది బాబూ, ట్యాంకులో పంచదార పోశారా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయన పైలట్ జెట్ తీసి ఎండకు ఎత్తి చూపించాడు. సూదిమొనంత బెజ్జం, ఆవలి వెలుగు కనిపించలేదు. గిన్నె నా ముక్కు దగ్గర పెట్టాడు. మా నాయనమ్మ పెట్టె వాసన! ఆయన ఇంకేమీ అడగలేదు. జెట్లు, ప్లగ్గు, ఇంజనాయిలు, కూలి అన్నీ కలిపి ఆరోజు అయిన ఖర్చు నా నెల పెట్రోలు ఖర్చులో సగం. ఆ భాయ్ ఇంట ఆ పూట పొయ్యి నీవల్ల వెలిగింది. నిన్ను మెకానిక్కుల అన్నదాత అంటే అతిశయోక్తి కాదు.

2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య నియమాల ప్రకారం బీఎస్-6 బండ్లు వచ్చాయి. చాలావాటిలో కార్బొరేటరు పోయి ఇంజెక్టరు వచ్చింది. దాని రంధ్రాలు ఆ జెట్టు బెజ్జం కంటే సన్నం. సైలెన్సరు దారిలో ఆక్సిజన్ సెన్సారు, పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరు ఉంటాయి. నువ్వు మసి ఎక్కువ పుట్టించి మండే దానివి. పాత బండిలో వందలతో పోయే పని ఇప్పుడు వేలకు చేరుతుంది. నీ చెయ్యి మరీ పెద్దదైంది.

మూడోది నీ బంధుప్రీతి. ఈ రోజుల్లో నీ రూపంలోనే, నీ డబ్బాలోనే పారాడైక్లోరోబెంజీన్ ఉండలు కూడా అమ్ముతున్నారు. దాని ఒంట్లో క్లోరిన్ ఉంది. మండితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి పుడుతుంది, అది ఇనుమును తింటుంది. మీ ఇద్దరినీ కంటితో వేరుచెయ్యగల బండివాడు ఎక్కడున్నాడు?

నీ వెనకే కిరసనాయిలన్న వచ్చాడు. కల్తీ పట్టుబడాలనే సర్కారు రేషను కిరసనాయిలుకు నీలిరంగు కలిపింది. అయినా చవకని పెట్రోల్లో కలిపేవాళ్ళున్నారు. అది పెట్రోలంత తేలిగ్గా ఆవిరవ్వదు. సిలిండరు గోడమీది ఆయిలు పొరను కడిగేసి, కిందికి జారి ఇంజనాయిలును పలచన చేస్తుంది. ఎత్తు ఎక్కితే ఇంజను టకటకమని కొట్టుకుంటుంది, వెనక నల్లపొగ. కొన్నాళ్ళకు బండి బోరుకొస్తుంది. ఆ తర్వాత అసిటోన్ తమ్ముడు వచ్చాడు, గోళ్ళరంగు తుడిచే సీసాలోంచి. లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే లీటరు అసిటోన్లో ఉండేది దాదాపు 23. ఎక్కువ ఉన్నదాంట్లో తక్కువ ఉన్నది కలిపి ఎక్కువ రాబట్టాలని చూస్తున్నారు. పైగా అది రబ్బరు సీళ్ళను, పైపులను ఉబ్బించి పాడుచేస్తుంది.

మీ వంశంలో అందరికంటే ఎత్తుకెదిగినది మూలికా పెట్రోలు. 1996లో తమిళనాడులో రామర్ పిళ్ళై నీళ్ళలో ఆకులు వేసి కాచి పెట్రోలు తీస్తానన్నాడు. దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. చివరికి సీబీఐ తేల్చింది ఏమిటంటే, ఆయన అమ్మినది టొలుయీన్, నాఫ్తా వంటి పెట్రోలియం సరుకుల కలగలుపేనని. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ళ జైలుశిక్ష వేసింది. ఇరవయ్యేళ్ళు పట్టింది ఆ ఆకుల కషాయానికి శిక్ష పడటానికి. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ కూడా మైలేజీ పెంచుతామన్న వందకు పైగా పరికరాలను, కలిపే మందులను పరిశీలించింది. కాస్తో కూస్తో పనిచేసినవి బహుకొద్ది.

నాలుగోది, అన్నిటికంటే గొప్పది, నువ్విచ్చే నమ్మకం. ఉండ వేసిన రోజునుంచి మనిషి మారిపోతాడు. మైలేజీ వస్తుందా అని మీటరు మీదే కన్ను. యాక్సిలరేటరు ఒడిసి తిప్పడు, సిగ్నలు దూరంగా కనబడగానే వదిలేస్తాడు, దారిలో గాలి కూడా పట్టిస్తాడు. నిజంగానే నాలుగు కిలోమీటర్లు ఎక్కువొస్తాయి. ఆ నాలుగు కిలోమీటర్లూ అతని మణికట్టు సంపాదించినవి. పేరు నీకు పోతుంది. పాపం, తాను చేసిన మంచి పనిని తనదని తెలుసుకోలేక, మరునెల మళ్ళీ కొట్టుకెళ్ళి నిన్నే కొంటాడు. నా కోపమంతా ఇక్కడే.

ఎందుకంటే నిన్ను నమ్మేవాళ్ళు డబ్బు ఎక్కువై నమ్మడం లేదు. పెట్రోలు లీటరు వంద దాటింది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగి ఇంటింటికీ పార్సిళ్ళు ఇచ్చే కుర్రాడికి, క్యాన్లు కట్టుకుని పాలు పోసే రైతుకు, లీటరుకు ఐదు కిలోమీటర్లు పెరిగితే అది పిల్లల పాలప్యాకెట్టు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. అంటే కలపని పెట్రోలుతో పోలిస్తే లీటరులో ఉండే శక్తి ఆరేడు శాతం తగ్గినట్టే. మైలేజీ పడిపోయిందన్న వాళ్ళ బాధ ఉత్తది కాదు. ఆ బాధకు మందు కావాలి. నువ్వు ఆ మందువి కావు.

అందుకే కలరా ఉండా, నీకో దండం. నీ చోటు ట్రంకుపెట్టె. అక్కడ నిన్ను మించినది లేదు.

బండి నడిపే అన్నలకు, తమ్ముళ్ళకు ఒక్కమాట. మీ మైలేజీ మీరే కొలుచుకోండి. ట్యాంకు నిండా కొట్టించి మీటరు రాసిపెట్టుకోండి. మామూలుగా తిరగండి. మళ్ళీ నిండా కొట్టించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. మూడు ట్యాంకులు ఇలా చేస్తే అసలు లెక్క తెలుస్తుంది. తర్వాత వారానికోసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. చైను బిగువు సరిచేసి ఆయిలు పెట్టండి. ఎయిర్ ఫిల్టరు దులపండి, పాడైతే మార్చండి. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చక్రం తిప్పి చూడండి. హాఫ్ క్లచ్ మీద నడపకండి. రోడ్డు ఖాళీగా ఉన్నా నలభై, యాభై మధ్యే పోనివ్వండి. ఇంధన పొదుపు గురించి మనదేశంలో చెప్పే సంస్థ పీసీఆర్ఏ కూడా మితమైన వేగమే మంచిదంటుంది. మళ్ళీ మూడు ట్యాంకులు కొలవండి. పెరిగిన ప్రతి కిలోమీటరూ మీదే, ఏ ఉండదీ కాదు. ట్యాంకు మూత పెట్రోలుకు తప్ప ఇంక దేనికీ తియ్యకండి.