బీడీ లెక్కల దుబాయ్ కాక

ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా ఒక దుబాయ్ కాక ఉంటాడు. మా వాడకట్టు కాకకు గడియారంతో పనిలేదు. శంషాబాద్ ఎంత దూరమంటే "ఆరు బీడీలు, నడుమ చాయ తాగితే ఏడు" అంటాడు. 2019లో నిజామాబాద్ ఎంపీ సీటుకు 178 మంది రైతులు పోటీకి దిగిన ముచ్చట ఫోన్లో వినేసరికి దుబాయ్‌లోని సోనాపూర్ క్యాంపు మెట్ల మీద ఒక కట్ట ఖర్చయిందట.

మొదట కాక బీడీ మనిషి కాదు. ఆకు, వక్క, తంబాకు. దుబాయ్‌లో పాన్ అమ్మకం నిషేధం, రోడ్డు మీద ఉమ్మితే జరిమానా. క్యాంపులో చాటుగా దొరికింది నోట్లో కుక్కుకుని ఒకరోజు పనికెక్కాడు. పదో అంతస్తు. ఉమ్మే చోటు లేదు. ఫోర్‌మన్ ఏదో అడిగాడు, కాక "ఊఁ" అన్నాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ "ఊఁ". ఆ రెండు ఊఁలతో నెలంతా శుక్రవారాలు డ్యూటీ పడ్డది.

అప్పటినుంచి బీడీలే. అవీ చిన్నమ్మ తునికాకుతో చుట్టినవి. ఆయన సెలవుకొచ్చిపోయిన ప్రతిసారీ చాటలో లెక్క తక్కువై, చిన్నమ్మ కార్ఖానాలో మాటలు పడేది.

ఇప్పుడు కాక రిటైరు. కొత్తగా పోయే పిల్లగాళ్ళ సూట్‌కేసులన్నీ ఆయనే తెరుస్తాడు. అసలు కస్టమ్స్ వాళ్ళు నయం. "మసాలల గసాలు ఏసినవా వదినే? అక్కడ జైలే!" దోస్తు ఇచ్చిన మామిడికాయ తొక్కు డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతాడు. పసుపు పొట్లానికి మాత్రం దండం పెట్టి లోపల పెడతాడు. తీసేసిన తంబాకు ఎటు పోతుందని అడగొద్దు. కాక జేబు పెద్దది.

ఇంత చేసినా మనిషికి సుఖం లేదు. బస్టాండు కాడ చాయ ఒక గుక్క తాగి ముఖం చిట్లిస్తాడు.

"గిది చాయనా? పసుపు ఉడకేసిన నీళ్ళ లెక్కున్నది. దుబాయ్ల కరక్ చాయ అంటే గిలాసల చెంచ నిలబడాలె."

"గీ నీళ్ళు తాగే పెరిగినవు గదనే కాకా," అంటాడు హోటలాయన.

మొన్న షార్జా నుంచి అల్లుడు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఏం తేవాలె మామా అని అడిగాడు. చిన్నమ్మ బంగారమని సైగ చేస్తూనే ఉంది. కాక కరక్ చాయకని రెయిన్‌బో డబ్బా పాలు నాలుగు తెమ్మన్నాడు.