హత్య జరుగుతుంటే నేను గడియారం చూస్తాను

నా పక్కన కూర్చుని థ్రిల్లర్ సినిమా చూడటానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. సంక్రాంతికి వచ్చిన అల్లుడుగారు మొహమాటానికి కూర్చుని, సగం సినిమా దాకా "ఆయ్, అవునండీ మావయ్యగారూ" అన్నాడు. ఆ తర్వాత "పందేలెలా ఉన్నాయో చూసొస్తానండీ" అని లేచి, తెల్లారాక జేబులు ఖాళీ చేసుకుని వచ్చాడు. మా అమ్మాయి దానికీ నన్నే తిట్టింది.

హంతకుడు చీకట్లో మెట్లెక్కుతుంటాడు. ఇంటిల్లిపాదీ వాడి చేతిలో కత్తి చూస్తుంటే నేను గోడ గడియారం చూస్తాను. "ఇందాక పదిన్నర, ఇప్పుడు తొమ్మిదీ పది" అంటాను. ఇన్‌స్పెక్టరు సగం తాగిన కాఫీ మళ్ళీ నిండిపోతుంది. హీరోకి ఎడమ కనుబొమ మీద తగిలిన దెబ్బ ఆసుపత్రికి వెళ్ళేసరికి కుడివైపుకు జరుగుతుంది. ఇవన్నీ నా కంట్లో పడతాయి. అదే కన్ను, భుజం మీద తువ్వాలు పెట్టుకుని ఇల్లంతా తువ్వాలు వెతుకుతుంది. మా ఆవిడ దీపావళికి మార్చిన ముక్కుపుడక నాకు శివరాత్రికి కనబడింది. అదీ పట్టిసీమ తీర్థంలో ఆవిడ వేలు పెట్టి చూపిస్తే.

తెర మీద గోదావరి కనబడిందంటే ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పోలవరం వాణ్ణి మరి. ఆషాఢంలో ఎర్రనీరు దిగుతుంది, కార్తీకం నాటికి తేటపడుతుంది. ఇది మా ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు. ఒక సినిమాలో హీరో తూటాలు తప్పించుకుంటూ లాంచీ మీద నుంచి ఎర్రటి వరదలోకి దూకాడు. పైకి తేలేసరికి అడుగున ఇసక కనబడేంత తేట నీళ్ళు! అంటే మూడు నెలలు ఊపిరి బిగబట్టాడన్నమాట. ఆ మాటే పైకి అన్నాను. మా అత్తగారు జపమాల పక్కన పెట్టి, "ఆ పిల్లాడు బతికాడా లేదా, అది చెప్పు బాబూ" అన్నారు. అది నేను చూడలేదు.

ఇంకో సినిమాలో హీరోయిన్ మా గట్టు మీద కూర్చుని, ఏటిలోకి దిగిపోతున్న పొద్దును చూస్తూ చనిపోయిన అన్నను తలుచుకుని ఏడ్చింది. మాది కుడి గట్టు. మాకు సూర్యుడు గోదావరి మీద పుడతాడు, కొండల వెనక పడతాడు. ఏటిలో పొద్దు కుంకడం చూడాలంటే రేవు దాటి పురుషోత్తపట్నం వైపు వెళ్ళాలి. ఇంట్లో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే నేను వీధిలోకి తీసుకెళ్ళి మరీ దిక్కులు చూపించాను. రేపెవరైనా 1986 వరద రోజుల కథ తీసి వెనక, తర్వాతెప్పుడో కట్టిన మా ప్రాజెక్టు స్పిల్‌వే కనబడనిచ్చారో, గేట్లు 48 అని లెక్కతో సహా పట్టేస్తాను. ఆ సినిమా ఇంకా ఎవరూ తియ్యలేదు. నేను మాత్రం సిద్ధంగా ఉన్నాను.

తప్పులు ఎందుకొస్తాయో తెలియక కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే సీను అయితే ముందు ఒకరివైపు షాట్లన్నీ తీస్తారు. తర్వాత లైట్లు మార్చి రెండోవారివైపు తీస్తారు. మధ్యలో భోజనాలు. కాల్షీటు అయిపోతే మిగతా ముక్క ఇంకో నెలలో, ఇంకో ఊళ్ళో. ఏ గుండీ ఊడి ఉంది, ఏ చేతికి గడియారం ఉంది అని రాసుకునేందుకు అసిస్టెంటు డైరెక్టరు ఉంటాడు. వెనకటికి స్టిల్ ఫొటోలు, ఇప్పుడైతే సెల్‌ఫోను. అయినా జారిపోతాయి. కొన్ని తెలిసే వదిలేస్తారు కూడా. 'ది కాన్వర్జేషన్' (1974) అనే థ్రిల్లర్‌కి పనిచేసిన హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్, షాటు ఎక్కడ కొయ్యాలన్నదానికి మార్కులు వేసిపెట్టాడు. మనసుకి తగిలే భావానికి నూటికి 51, కథకి 23. మనుషులు గదిలో ఎక్కడెక్కడున్నారన్న పొందికకి 4. నటి కన్నీరు నిజంగా వచ్చిన టేకు దొరికితే కప్పులో కాఫీ గురించి ఎవడు చూస్తాడు? నేను చూస్తాను. ఓటీటీకి కట్టిన చందా మొత్తం నాకు ఆ నాలుగు మార్కుల మీదే చెల్లుతోంది.

మా అమ్మాయి జరిమానా పెట్టింది. తప్పుకు పది రూపాయలు, టీవీ పక్కన ఖాళీ హార్లిక్స్ సీసా. నేను పేర్లు పడకముందే వందనోటు వేసి కూర్చున్నాను. ఆ సీసా డబ్బుతో ఆత్రేయపురం పూతరేకులు వచ్చాయిగానీ ఇంట్లో శాంతి రాలేదు.

చివరికి కేసు తేల్చింది మా ఆవిడ. ఒక రాత్రి టీవీ కట్టేసి, నిమ్మళంగా అడిగింది.

"ఏమండీ, మాయాబజార్ ఎన్నిసార్లు చూశారు?"

"లెక్కలేదు."

"అందులో ఒక్క తప్పూ చెప్పలేదేం?"

కె.వి. రెడ్డిగారి సినిమాలో తప్పులెందుకుంటాయన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "సినిమా మంచిదా చెడ్డదా అని కాదండీ. వెనకాల మ్యూజిక్ ఆగిపోగానే మీ నోరు మొదలవుతుంది. నేను చాన్నాళ్ళుగా చూస్తున్నాను."

మాట మార్చడానికి నా దగ్గరున్న పెద్ద సరుకు బయటపెట్టాను. హిచ్‌కాక్ 1959లో తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్'. హోటల్లో హీరోయిన్ తుపాకీ తీసి హీరోని కాలుస్తుంది. వెనక బల్ల దగ్గర కూర్చున్న పిల్లాడు, ఆవిడ కాల్చకముందే చెవుల్లో వేళ్ళు పెట్టేసుకుంటాడు! రిహార్సల్లో ఆ చప్పుడు విని ఉంటాడు పాపం. అంత పెద్ద డైరెక్టరు సినిమాలో ఆ వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

"ఆ పిల్లాడెవరో నాకు తెలుసండీ. పెరిగి పెద్దై పోలవరంలో ఉంటున్నాడు" అంది.

ఇక దాచడం దేనికి? నాకు భయం. 1985లో వంశీగారి 'అన్వేషణ' రాజమండ్రిలో రెండో ఆట చూశాను. అడవిలో వరస హత్యలు, పులి చంపిందంటారు. ఇళయరాజా ఒక్కసారి వాయిద్యాలన్నీ ఆపేసేవాడు, నా గుండె కూడా ఆగేది. తలకోనలో తీశారని తర్వాత తెలిసింది. ఆ రాత్రికి మాత్రం అది మా ఊరి వెనక పాపికొండల అడవే. గొప్ప సినిమా అని అందరికీ చెబుతుంటాను. నిజానికి నేను శ్రద్ధగా చూసింది ముందు సీట్లో ఆయన చొక్కా. గళ్ళ చొక్కా. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ ఆట గట్టెక్కించాను. చొక్కా మీంచి గడియారం మీదికి, గడియారం మీంచి కాఫీ కప్పు మీదికి మారానుగానీ పని అదే.

ఇప్పుడు మా ఆవిడే నా పక్కన కూర్చుంటోంది. మ్యూజిక్ ఆగేలోపే నా మోచెయ్యి తడుతుంది.

"ఏమండీ, ఆ గ్లాసులో నీళ్ళెంతున్నాయో చూడండి."

"సగం."

టీవీలోంచి కెవ్వున కేక.

"ఇప్పుడో?"

"ముప్పావు."

"హమ్మయ్య, వాడి పీడ విరగడైంది."

"ఎవడి పీడ?"