లెక్క తప్పని తోడల్లుడు

ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. తను ఆడడు, ఆడేవాణ్ణి మనల్ని మెచ్చుకోనివ్వడు. టీవీ ముందు మైమరచిపోయి "అబ్బ, ఏం దూకాడ్రా!" అన్నామో లేదో, "దూకాడు సరే, ఈ సీజన్లో వాడి ఎంప్టీ రెయిడ్లెన్నో తెలుసా నీకు?" అని గాలి తీసేస్తాడు. ఈ జాతిలో క్రికెట్ రకం టీ కొట్టుకొకటి చొప్పున దొరుకుతుంది. కబడ్డీ రకం అరుదు. దాంట్లో మేలైన నమూనా ఒకటి గిద్దలూరులో ఉంది. నా జాతకం బాగాలేక అది నాకు తోడల్లుడైంది.

మా అత్తగారికి ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ఆయనకు పురుగుమందుల కొట్టుంది. నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. నాకు అంకెలకు జీతమిస్తారు కాబట్టి సాయంత్రం ఆరు దాటాక అంకె కనపడితే మొహం తిప్పుకుంటాను. ఆయనకు పైసా రాదు. అందుకే అలుపు లేదు.

కొట్లో గల్లాపెట్టె పక్కన రెండు ఖాతా పుస్తకాలుంటాయి. ఎర్ర అట్టది రైతుల బాకీలది. నీలం అట్టది ప్రో కబడ్డీది. ఎర్ర పుస్తకం నిండా కొట్టివేతలు, దిద్దుబాట్లు, "అడగాలి" అని రాసుకుని అడగకుండా వదిలేసినవి. నీలం పుస్తకంలో ఒక్క కొట్టివేత ఉండదు. స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఎవడు ఎన్నిసార్లు కూతకెళ్ళాడు, ఎన్నిసార్లు పాయింటు తెచ్చాడు, ఎన్నిసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు, ఎన్నిసార్లు పట్టుబడ్డాడు, అన్నీ వేరువేరుగా ఎక్కిస్తాడు. మిరపతోటలో తామర పురుగు పడి ఆకులు ముడుచుకుపోయాయని ఓ రైతు కొమ్మ విరుచుకొచ్చి చూపించాడు. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మందు సంగతి పక్కనపెట్టి, "నిన్న రాత్రి లెఫ్ట్ కార్నర్ హై ఫైవ్ కొట్టినాడు, చూస్తివా?" అన్నాడు. పాపం ఆ మనిషి అది కొత్తగా వచ్చిన మందనుకుని, "ఎకరాకెంత కలపాలన్నా?" అని అడిగాడు.

ఆ రైతు కోసం ఇక్కడ చెప్తాను. ఒక మ్యాచ్‌లో కూతకెళ్ళి పది పాయింట్లు తెస్తే సూపర్ టెన్. పట్టు పట్టి అయిదు తెస్తే హై ఫైవ్. ఒక్క కూతలోనే మూడో, ఆపైనో తెస్తే సూపర్ రెయిడ్. మనవాళ్ళు ముగ్గురో అంతకు తక్కువో మిగిలినప్పుడు వచ్చినవాణ్ణి పట్టేస్తే సూపర్ టాకిల్, ఒక పాయింటు అదనం. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. ముప్ఫై సెకన్లలో పాయింటన్నా తేవాలి, ఔటన్నా కావాలి. ఇవి తెలిస్తే ఆట రుచి పెరుగుతుంది, నేనూ కాదనను. చిక్కేమిటంటే మా తోడల్లుడు ఈ మాటల్ని మ్యాటు మీద ఉండనివ్వకుండా సంసారంలోకి తోలేశాడు.

బాకీ వసూలుకు పల్లెకెళ్ళి మొదటిసారి ఖాళీగా వస్తే ఎంప్టీ రెయిడ్. రెండోసారి "పత్తి అమ్మినాక చూద్దాంలేన్నా" అనిపించుకుని వస్తే రెండో ఎంప్టీ. మూడోసారి బండికి కిక్ కొడుతూ, "ఈరోజు డూ ఆర్ డై" అని ఇంట్లోకి వినపడేలా ప్రకటించి వెళ్తాడు. సాయంత్రానికి ఆ రైతు ఇంట్లో భోంచేసి, ఇంకో రెండు డబ్బాలు అప్పు రాసుకుని తిరిగొస్తాడు. "సెల్ఫ్ ఔట్" అంటుంది మా వదిన, బియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండా. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకూ భాష పట్టుబడింది.

సంక్రాంతికి అత్తగారింట్లో పళ్ళెంలో మూడంటే మూడే అరిసెలు మిగిలాయి. నేను చెయ్యి చాపాను. మణికట్టు దగ్గర ఉడుంపట్టు పడింది. "సూపర్ టాకిల్ ఆన్‌లో ఉంది తమ్ముడూ!" అన్నాడు. అత్తగారి ఎదుట ఇద్దరల్లుళ్ళు అరిసె కోసం కలబడితే ఏం బాగుంటుంది? వదిలేశాను. ఆయన ఆ అరిసె తింటూనే, మణికట్టు పట్టుకు చీలమండ పట్టుకు తేడా ఏమిటో, కార్నర్లో ఆడేవాళ్ళు చీలమండనే ఎందుకు నమ్ముకుంటారో వివరించాడు. రెండోది కూడా ఆ వివరణలోనే అయిపోయింది.

ఆయనకు ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. తెలుగు టైటాన్స్ పెట్టిన భిక్ష అది. 2014లో లీగ్ మొదలైన నాటి నుంచీ ఉన్న జట్టు. రాహుల్ చౌదరి కూతకెళ్తుంటే ఊరంతా కుర్చీ అంచుకొచ్చే రోజుల్లో ఈయనకు నీలం పుస్తకమే లేదు. 2015లో మూడో స్థానం వస్తే కొట్టు ముందు మిఠాయి పంచాడే గానీ ఎవడి సగటు ఎంతో అడిగిన పాపాన పోలేదు. 2019 సీజన్‌కు సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటీ 45 లక్షలు పెట్టి కొన్నప్పుడు కూడా మామూలు మనిషిలాగే ఈలలు వేశాడు.

ఆ తర్వాత కరువొచ్చింది. 2021-22 సీజన్లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచారు. తర్వాతి సీజన్లో రెండు. ఆ తర్వాతా రెండే. మూడు సీజన్లూ కూడితే 66 మ్యాచ్‌లకు ఐదు గెలుపులు. 1996లో శంకుస్థాపన చూసి వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన జనం కాబట్టి మావైపు ఓర్చుకున్నారు. మా తోడల్లుడు మాత్రం ఓర్చుకోలేక పుస్తకం కొన్నాడు. మ్యాచ్ పోయిన రాత్రి ఫోన్ చేస్తాడు. "ఓడిపోయినాంలే. రైట్ కవర్ టాకిల్ సక్సెస్ రేటు మాత్రం చూడు తమ్ముడూ, ఎట్టా పెరిగిందో!" అంటాడు. ఇంట్లో శవం లేచినా, వచ్చిన పూలదండల నాణ్యత మెచ్చుకునే ధోరణి అది.

2023 వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తెచ్చుకున్నారు. అప్పటికి లీగ్‌లో అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజన్లో పవన్ ఒక్కడే రెండొందలకు పైగా రెయిడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు గెలిచింది రెండంటే రెండు. ఆ ఏడు మా తోడల్లుడు ఎంత ఆనందంగా గడిపాడో చెప్పలేను. రోజూ ఓటమి, రోజూ ఒక సూపర్ టెన్. ఓటమిని ఒక గడిలో, సూపర్ టెన్‌ను ఇంకో గడిలో రాసి, రెండో గడినే చదువుకునేవాడు. 2024లో టైటాన్స్ 12 మ్యాచ్‌లు గెలిచి కూడా ఏడో స్థానంలో ఆగిపోయారు. పైకెళ్ళేది ఆరు జట్లే. అప్పుడు ఆయన దగ్గర ఇంకు అయిపోయింది.

అసలు గుట్టు 2025లో బయటపడింది. ఆ సీజన్ విశాఖలో మొదలైంది. టైటాన్స్ గెలుస్తూ గెలుస్తూ ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద దాకా వెళ్ళారు. ఆ రోజుల్లో గిద్దలూరు వెళ్ళి చూద్దును కదా, నీలం పుస్తకం మీద యూరియా బస్తా రశీదులు పేరుకుపోయాయి. మనిషి మంచం మీద నిలబడి కేకలేస్తున్నాడు. "రెయిడ్ స్ట్రయిక్ రేటెంతన్నా?" అని గిల్లాను. "నోర్మూసుకుని ఆట చూడు" అన్నాడు. జట్టు గెలుస్తుంటే ఎవడికీ లెక్క అక్కర్లేదు. ఓడినవాడికే చేతిలో ఏదో ఒకటి మిగలాలి. సరిగ్గా ఆ నెలలోనే ఎర్ర పుస్తకంలో బాకీలు కాస్త వసూలయ్యాయని వదిన చెప్పింది.

అంకెలు లేని చోట ఆయన నియమాల మీద పడతాడు. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్. ఇరాన్‌తో 28-28 దగ్గర పవన్ డూ ఆర్ డై కూతకెళ్ళి, ఎవరినీ తాకకుండానే కోర్టు పక్క పట్టీలోకి, అంటే లాబీలోకి అడుగేశాడు. అతని వెంట ఇరాన్ వాళ్ళూ లాబీలోకొచ్చారు. ఔటు ఒక్కడా, వెంట వచ్చినవాళ్ళు కూడానా? పాత నియమం ఒకటి చెప్తుంది, కొత్త నియమం ఇంకోటి. ఆట సుమారు గంటసేపు ఆగింది. ఆ గంటా మా తోడల్లుడు అత్తగారి డబ్బాలో ముగ్గుపిండి తీసి, వాకిట్లో 13 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు కోర్టును తన అడుగులతో కొలిచి గీశాడు. లాబీలు గీశాడు, బాక్ లైను, బోనస్ లైను గీశాడు. నన్ను పవన్‌గా నిలబెట్టి, పిల్లల్ని ఇరాన్ చేశాడు. చివరికి 33-29తో మనమే గెలిచాం. ఆ సంగతి మాకు పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ సమయానికి నేను లాబీలో ఉన్నాను.

ఇంత వెక్కిరించాక న్యాయంగా రెండు ముక్కలు కూడా చెప్పాలి. ఈ రోగం మా నేలకు కొత్తదేమీ కాదు. మావైపు తిరునాళ్ళలో ఎద్దుల బండలాగుడు చూసినవాళ్ళకు తెలుసు. అక్కడ ఎవరూ "బాగా లాగినాయి" అనరు. రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, ఆరు పళ్ళా అని ముందు విభాగం తేలుస్తారు. తర్వాత ఇన్ని నిమిషాల్లో ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు అంటారు. ఏ జత ఏ ఊళ్ళో ఎంత లాగిందో గడ్డం తెల్లబడిన పెద్దలు కూడా గడగడ చెప్తారు. మా అత్తగారి వైపు కుర్రాడొకడు సిడ్నీలో ఉంటాడు. వాడు అక్కడి రగ్బీ లీగ్ ముచ్చట్లు ఫోన్లో చెప్తే మా తోడల్లుడు స్పీకర్ పెట్టి మరీ వింటాడు. జట్టుకు 13 మంది. బంతి చేతికొస్తే ఆరుసార్లు పట్టుబడేలోగా పని కానిచ్చుకోవాలి. ఎవడు బంతితో ఎన్ని మీటర్లు తోసుకుపోయాడు, ఎన్ని పట్లు పట్టాడు, ఎన్ని జారవిడిచాడు, అక్కడి అభిమానులకు నోటికి ఉంటాయట. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాదిన, గనుల్లో మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్ళకు పోయిన కూలి కట్టివ్వాలన్న పేచీ మీద హడర్స్‌ఫీల్డ్‌లో విడిపోయి పుట్టిన ఆట అది. మా తోడల్లుడు అంతా విని, "మీటర్లు కొలుస్తుండారంటే అది మన బండలాగుడే గదరా! ఇంతకీ వాళ్ళకు పళ్ళు చూస్తారా?" అని అడిగాడు.

రెండో ముక్క. ప్రో కబడ్డీ అంకెలు టీవీవాళ్ళు రాస్తారు, ఎవరూ అడగకపోయినా ప్రపంచమంతా చూస్తుంది. తిరునాళ్ళలో మట్టి మీద ఆడే మా పిల్లల లెక్క ఎవరు రాస్తారు? మైకులో గెలిచిన ఊరి పేరు చెప్తారు, డబ్బులు పంచుకుంటారు, తెల్లారేసరికి ఎవడెలా ఆడాడో ఎవరికీ గుర్తుండదు. మా తోడల్లుడు ఈమధ్య ఆకుపచ్చ అట్టతో మూడో పుస్తకం మొదలుపెట్టి, వ్యాఖ్యాత బల్ల పక్కన స్టూలేసుకుని కూర్చుంటున్నాడు. జనమంతా గాల్లోకి ఎగిరే పొడుగు కుర్రాణ్ణి చూసి ఈలలేస్తే, "పాతిక కూతలకు పది పాయింట్లు. ఆ బక్కోడు చూడు, పన్నెండు కూతలకే పది" అని చూపిస్తాడు. నిజమే. పాయింట్లు ఇద్దరివీ ఒకటే, బరువు ఒకటి కాదు. అది పుస్తకం తెరిస్తే గానీ నాకు కనపడలేదు.

అయితే తోడల్లుడి దగ్గర అంత సులువుగా ఒప్పుకుంటే అల్లుడిగా నా పరువేం కాను? ఒకటి అడిగాను.

"అన్నా, కార్నర్లో ఆ నల్లటి పిల్లోడున్నాడు చూడు. వాణ్ణి చూసి కూతకొచ్చినవాళ్ళు అటువైపుకే పోవడంలేదు. భయపడి ఖాళీగా తిరిగిపోతున్నారు. మరి వాడికెంత రాశావు?"

ఆయన పుస్తకంలో చూశాడు. టాకిళ్ళు సున్నా. పాయింట్లు సున్నా. ముప్ఫై సెకన్ల కూత రెండు సార్లు అయ్యేంత సేపు మాట్లాడలేదు. తర్వాత స్కేలు తీసి కొత్త గడి గీసి, పైన పెద్దక్షరాలతో "బెదురు" అని రాశాడు. ప్రపంచ కబడ్డీలో ఏ టీవీవాడి దగ్గరా లేని గడి అది.

మ్యాచ్ అయ్యాక ఆ కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు. ఈ వార్త వాడి చెవిన ఎలా పడిందో తెలీదు. "పెద్దయ్యా, నా బెదురు ఎంత?" అన్నాడు. "ఏడు." "తొమ్మిది పెద్దయ్యా. ఆ చివరి రెండు కూతలూ వాడు నన్ను చూసే ఎనక్కి పోయినాడు." పక్కనున్న ఎదుటి జట్టు కూతగాడు ఊరుకుంటాడా? "నేను బెదరలేదు. నాకు దమ్ము అయిపోయింది" అని మీదికొచ్చాడు. రెండూళ్ళ పిల్లలూ చుట్టూ మూగారు. మా తోడల్లుడు పుస్తకం నా ముందుకు తోసి, "తమ్ముడూ, నువ్వు జీతానికి లెక్కలు రాసేవాడివి. నువ్వు తేల్చు" అన్నాడు.

ఆరు ఎప్పుడో దాటింది. అయినా పెన్ను అందుకున్నాను. బెదిరినట్టూ ఉంది, దమ్ము అయిపోయినట్టూ ఉంది కాబట్టి కూతకు అర చొప్పున రెండింటికీ ఒకటి కలిపి, "ఎనిమిది" అని రాసి కింద సంతకం పెట్టాను. ఇద్దరు పిల్లలూ నన్ను తిట్టుకుంటూ పోయారు. అప్పటి నుంచి ఆ పుస్తకంలో బెదురుకు అరలు, పావులు కూడా వస్తున్నాయి. అర వేయాలా, పావు వేయాలా అని మా తోడల్లుడు రాత్రి పదిన్నరకు ఫోన్ చేస్తాడు. మా ఆవిడ దుప్పటి ముసుగేసుకుంటూ, "మీ ఇద్దరికీ కలిపి ఎంత వేయాలో మా అక్కా నేనూ తేలుస్తాంలే" అంటుంది.